వెనక్కి నడవని కారు

ఈ ఉదయం బాల్కనీలో కూర్చుని కాఫీ తాగుతుంటే కింద వీధిలో ఎవరిదో కారు కీచుమంటూ ఆగింది. వెంటనే గ్లాసు పక్కన పెట్టి, పిట్టగోడ మీదికి వంగి, ఆ మోత ఏ చక్రంలోంచి వచ్చిందా అని చెవి ఒగ్గాను. మా ఆయన పేపరులోంచి తలెత్తి, "ఊళ్లోవాళ్ల చక్రాలతో నీకేం పనే?" అన్నాడు. ఏం పనంటే ఏం చెప్పను? ఇది నాకు నరసరావుపేటలో మా మేనత్త ఇంట్లో అంటుకున్న జబ్బు. చాలా ఏళ్ల కిందట, బడికి వేసవి సెలవులిచ్చాక అక్కడికి వెళితే, ఎండన పడి వచ్చానని మజ్జిగ ఇచ్చి, మజ్జిగ తాగాక ఒక చక్రాన్ని నాకు అప్పగించారు.

ముందు అత్తయ్య సంగతి చెప్పాలి. ఇంటి కారుకు జీతానికి పెట్టుకున్న డ్రైవరు చెప్పాపెట్టకుండా మానేస్తే, యాభై దాటిన వయసులో చీర కుచ్చిళ్లు బొడ్లో దోపుకుని డ్రైవింగు స్కూలుకు వెళ్లి కారు నేర్చుకున్న మనిషి. మామయ్యకు ఎడ్లబండి, ట్రాక్టరు, మోటారుసైకిలు అన్నీ వచ్చుగాని కారు మాత్రం పట్టుబడలేదు. అందుకని పక్క సీట్లో కూర్చుని నడిపించేవాడు, నోటితో. అత్తయ్య అంత కష్టపడింది ఊరేగడానికి కాదు. సున్నపురాయి గనులున్న పిడుగురాళ్లలో వాళ్లక్క ఉండేది. మోకాళ్లు పట్టేసి గడప దాటలేని మనిషి. అక్కడికి తీసుకెళ్లమంటే మామయ్య ఏనాడూ కాదనలేదు, "రేపు పోదాం" అనేవాడు. ఆ రేపు కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసిన అత్తయ్య, తాళాలు చేతికి రాగానే ప్రతి గురువారం పొద్దున్నే కూర గిన్నెలు సర్దుకుని బయలుదేరడం మొదలుపెట్టింది. గురువారం సాయంత్రం ఆమె ముఖం చూస్తే పుట్టింటికి వెళ్లొచ్చిన కొత్త పెళ్లికూతురు గుర్తుకొచ్చేది.

మామయ్యకు శకునాల పట్టింపు ఎక్కువ. తుమ్మితే ఆగడం, పిల్లి ఎదురైతే కూర్చుని నీళ్లు తాగడం అందరికీ ఉన్నవే. ఆయన సొంత చట్టం ఒకటుంది. బయలుదేరిన బండి వెనక్కి నడవకూడదు. పనికి పోతూ వెనకడుగు వేస్తే ఆ పని చెడుతుందని ఆయన గట్టి నమ్మకం. ఆ నమ్మకం కోసం దొడ్డి గోడ పడగొట్టించి రెండో గేటు పెట్టించాడు. కారు వీధి గేటులోంచి వచ్చి దొడ్డి గేటులోంచి సందులోకి పోతుంది. బజారులో వెనక్కి తీయాల్సిన చోటైతే అత్తయ్య దూరంగా ఎక్కడో ఆపి, సంచులు మోసుకుంటూ నడిచేది. పిడుగురాళ్లలో వాళ్లక్క ఇంటి ముందు ఖాళీ స్థలం ఉంది కాబట్టి గుండ్రంగా తిరిగి వచ్చేసేది. లైసెన్సు పరీక్షలో తప్ప ఆమె రివర్సు గేరు వేసిన పాపాన పోలేదు.

అలాంటి కారు ఆ వేసవిలో కీచుమనడం మొదలుపెట్టింది. మెల్లగా వెళ్లేటప్పుడు సన్నగా, బ్రేకు మీద కాలు పడితే వీధి కుక్కలు లేచి చూసేంత గట్టిగా. మామయ్యకు కావలసిందే దొరికింది. "బండిలో ఏం లేదు. నువ్వు క్షణానికోసారి బ్రేకు తొక్కుతన్నావు, అది ఏడుత్తంది" అని తేల్చేశాడు. అత్తయ్య ఒప్పుకోలేదు. మసీదు వెనక షెడ్డున్న మెకానిక్ బాబాయిని పిలిపించింది. ఆయన ఆ ఇంట్లో అందరికీ వరస కలిపిన మనిషి. చక్రాలు విప్పి, బ్రేకు ప్యాడ్లు చూసి, "కొత్తగానే ఉన్నాయక్కా" అన్నాడు. ఆ ఒక్క మాటతో తీర్పు వచ్చేసిందనుకున్నాడు మామయ్య. ప్యాడ్లు బాగుంటే తప్పు కాలిదే కదా! మళ్లీ డ్రైవరును పెడతాననీ, తాళాలు ఇచ్చెయ్యమనీ మొదలుపెట్టాడు. డ్రైవరు వస్తే కారు మామయ్య మాట ప్రకారం కదులుతుంది. అంటే గురువారాలు మళ్లీ రేపుల్లో కలిసిపోతాయి. అత్తయ్య ఆ మధ్యాహ్నం అన్నం సరిగా తినలేదు. నాకు మామయ్య మీద ఒళ్లు మండింది.

ఈలోగా ఆయన వంటింట్లోంచి ఆముదం సీసా పట్టుకొచ్చాడు. ఎడ్లబండి ఇరుసు కీచుమంటే కందెన పెట్టి తోలుకున్న చేతులు కదా, చక్రం ముందు గొంతుకూర్చుని మూత తీస్తున్నాడు. సామాను సర్దుకుంటున్న బాబాయి పరిగెత్తుకొచ్చి సీసా లాక్కున్నాడు.

"ఏంది బావా నువ్వు చేసే పని! ఇరుసుకైతే తిరగాలని పెడతారు. బ్రేకుకు నూనె తగిలితే ఈ బండి మాచర్ల పోయినా ఆగదు."

"మరి మోతెట్టా పోయిద్ది?"

"ముందు ఏ చక్రంలో వత్తందో చూడాలిగా."

అలా తేలింది చక్రాల పంపకం. కారును సందులో మనిషి నడిచే వేగంతో నడపాలి, ఒక్కో చక్రం పక్కన ఒక్కొక్కరం చెవి పెట్టి నడవాలి. నాకు ఎడమ ముందుది, పక్కింటి పిన్నికి ఎడమ వెనకది, బాబాయికి కుడి వెనకది. కుడి ముందుది మామయ్య పట్టుబట్టి తీసుకున్నాడు. ఎందుకో తర్వాత అర్థమైంది. అక్కడైతే కిటికీలోంచి అత్తయ్య కాలు కనబడుతుంది. నలుగురం నడుములు వంచి కారుకు అటూ ఇటూ నడుస్తుంటే, గుమ్మాల్లో కూర్చున్నవాళ్లు ఇదేదో కొత్త మొక్కుబడి అనుకున్నారు. ఒకావిడ మాకు దారి ఇచ్చి చెప్పులు కూడా విప్పింది. కీచుమన్నప్పుడల్లా "నాదే, నాదే" అని ముగ్గురం అరిచాం. మామయ్య మాత్రం "తొక్కింది, మళ్లా తొక్కింది" అంటున్నాడు.

సందు మధ్యకు వచ్చేసరికి ఎదురుగా టిక్కీలతో, అంటే మిరపకాయ బస్తాలతో, నిండిన ట్రాక్టరు. వెనక తగిలించిన ట్రక్కుతో అది వెనక్కి పోలేదు. తోలే మనిషి చెయ్యి ఊపి, "ఎనక్కి తియ్యమ్మా!" అన్నాడు. మామయ్య రెండు చేతులూ చాపి ట్రాక్టరుకు అడ్డం నిలబడ్డాడు.

"మా బండి ఎనక్కి పోదు!"

"ఏం మామా, గేరు లేదా?"

"గేరుంది. పోదంతే!"

ట్రాక్టరు మనిషి ఇంజను ఆపేసి బీడీ వెలిగించుకున్నాడు. మామయ్య అత్తయ్య వైపు తిరిగి, "ఏమే, ఎనక్కి తీశావంటే ఊరుకోను" అన్నాడు. అత్తయ్య ఆయన్ని చూసింది, ట్రాక్టరును చూసింది. రివర్సు గేరు వేసింది. మేం పక్కకు దూకాం. కారు పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి వెనక్కి కదిలింది. చెవులు చిల్లులు పడేలా ఒక్క అరుపు అరిచి, టక్కుమని ఏదో రాల్చి, మౌనం వహించింది. నా చక్రం కింద చింతగింజంత తెల్లటి రాయి. సున్నపురాయి. బ్రేకు పళ్లేనికీ దాని వెనక రేకుకీ మధ్య ఇరుక్కుని, ముందుకు నడిచే కొద్దీ ఇంకా బిగుసుకుందట. ఒక్కసారి వెనక్కి నడిపి ఉంటే ఎప్పుడో రాలిపోయేదన్నాడు బాబాయి. ట్రాక్టరు దాటిపోయాక అత్తయ్య కారును ముందుకు తెచ్చి, మామయ్య ఎదురుగా కావాలని మళ్లీ మళ్లీ బ్రేకు తొక్కింది. చప్పుడు లేదు.

మామయ్య రాయిని అరచేతిలో అటూ ఇటూ తిప్పాడు. ఓడిపోయే మనిషైతే కదా. "చూశావా, మీ అక్క ఊరి రాయే ఇది!" అన్నాడు.

"మా అక్క ఊరిదే. దాన్ని ఇన్నాళ్లు రాలనీకుండా పట్టుకుంది ఎవరయ్యా?"

పక్కింటి పిన్ని పగలబడి నవ్వింది. మామయ్య పక్క సీట్లో ఎక్కి కూర్చుని తలుపు వేసుకున్నాడు. "రేపు గురువారం గదా. నేనూ వత్తా. మీ అక్కను చూసి చానాళ్లయింది" అన్నాడు. తాళాల మాట ఆయన నోట మళ్లీ వినలేదు.

ఆ తర్వాత పిడుగురాళ్ల పెద్దావిడ ఇంకా కొన్నేళ్లు ఉంది. ఆ కొన్నేళ్లూ గురువారం పొద్దున కారు వాళ్ల ఇంటి ముందు ఆగుతూనే ఉంది. అక్కాచెల్లెళ్లు మంచం మీద కూర్చుని ఏం మాట్లాడుకున్నారని అడిగితే, "ఏముందే, పప్పులో ఉప్పు ఎక్కువైందనీ, ఎండలు మండుతున్నాయనీ" అనేది అత్తయ్య. పెద్దావిడ పోయాక ఒకసారి తనే అంది, ఆ మాటలే మళ్లీ వినాలనుందని. చేతిలో ఉన్నన్నాళ్లూ కాలం వట్టి గురువారాల్లాగే కనబడుతుంది.