బరకం కట్టే వేళ

ప్రేమదాసు టెలిఫోన్ తీగలతో మొదలుపెట్టి వైఫై తీగల దాకా వచ్చిన మనిషి. నందిగామ చుట్టుపక్కల ఏ స్తంభం ఎక్కితే ఎవరి పెరడు కనపడుతుందో చెప్పగలిగేవాడు. యాభై ఎనిమిదేళ్లు వచ్చినా తన నిచ్చెన ఇంకొకరి చేతికి ఇచ్చేవాడు కాదు. నెట్ పోయిందని పిలిస్తే వెళ్లి వైఫై పెట్టె ముందు కూర్చునేవాడూ కాదు. ఇంట్లో ఎవరు ఏ వేళకి ఏం చేస్తారో అడిగేవాడు. "తీగ దానంతటది చెడదండి. మనమే ఏదో చేసుంటాం" అనేది అతని మాట.

ఆ మాట రాజ్యశ్రీ ఇంట్లో మాత్రం మూడుసార్లు చెల్లలేదు.

చందర్లపాడు రోడ్డులో వాళ్లది డాబా ఇల్లు. రాజ్యశ్రీ రోజూ సాయంత్రం ఏడింటికి ఆన్‌లైన్‌లో పిల్లలకు లెక్కలు చెబుతుంది. ఫిబ్రవరి వచ్చిన దగ్గర్నుంచి, చీకటి పడేసరికి నెట్ పోతోంది. ఒక్కోరోజు అసలు రాదు, ఒక్కోరోజు వస్తూ పోతూ విసిగిస్తుంది. తెల్లారి చూస్తే నిక్షేపంగా ఉంటుంది. ప్రేమదాసు మూడుసార్లు వచ్చి రెండు పెట్టెలు మార్చాడు. నాలుగోసారి సాయంత్రం అయిదింటికి బండి ఆపేసరికి, రాజ్యశ్రీ అత్తగారు ప్రమీలారాణి గేటు దగ్గరే ఉంది.

"వచ్చావా ప్రేమదాసూ! నువ్వొస్తే వెలుగుద్ది, నువ్వు గేటు దాటితే పోద్ది. ఈసారి నిన్నే ఆ పెట్టె పక్కన కట్టేస్తా."

"కట్టెయ్యండి అమ్మగారూ. కాఫీ మాత్రం మీ చేత్తో పొయ్యాలి."

రాజ్యశ్రీ నవ్వలేదు. క్లాసులు నడిపే కంపెనీ వాళ్లు పెట్టిన మెసేజ్ చూపించింది. ఈరోజు కూడా పాఠం తెగితే ఆ పన్నెండుమంది పిల్లల్నీ వేరే టీచరుకి ఇచ్చేస్తారట.

"రెండేళ్ల నుంచి చెప్తున్నానండి వాళ్లకి. ఇవాళ పోతే ఇంక అంతే."

"పోదమ్మా. నేను పోనివ్వను. మీ పాఠం అయ్యేదాకా ఇక్కణ్ణుంచి కదిలితే ఒట్టు."

ఇంతలో జగ్గయ్యపేట ఆఫీసు నుంచి పై అధికారి భవానీప్రసాద్ ఫోను. "ఇంకో పెట్టె పెట్టేసి వచ్చెయ్యి, ఇక్కడ ఇంకా రెండు ఇళ్లున్నాయి" అన్నాడు.

"పెట్టె మంచిదేనండి. మనమే తప్పు వేళకి వస్తున్నాం. మూడుసార్లూ మిట్టమధ్యాహ్నం వచ్చా. ఇది సాయంత్రం వచ్చే రోగం" అని ఫోను జేబులో వేసుకున్నాడు.

అత్తాకోడళ్లిద్దరికీ ఒకటే చెప్పాడు. రోజూ ఈ వేళకి ఏం చేస్తారో అదే చెయ్యండి, నేనున్నానని ఏదీ మానొద్దు. రాజ్యశ్రీ లైట్లు వేసింది, మోటారు వేసింది, మిక్సీ తిప్పింది. పెట్టె మీద పచ్చ లైటు చెక్కుచెదరలేదు.

"మీ చోద్యం మీరు చూసుకోండి. నాకు కాయలు కప్పే టైమయింది" అని ప్రమీలారాణి మేడెక్కింది.

ముప్పావుగంటకి పచ్చ లైటు పోయి ఎర్రలైటు కొట్టుకోవడం మొదలుపెట్టింది.

ప్రేమదాసు మెట్లు రెండేసి చొప్పున ఎక్కాడు. డాబా నిండా ఆరబోసిన మిరపకాయలు ఒక పక్కకి కుప్పగా చేరాయి. వాటి మీద నీలం బరకం పట్టా కప్పి, ప్రమీలారాణి దాని తాడును పిట్టగోడ మీది ఇనప గొట్టానికి బిగించి కడుతోంది. వైఫై తీగ ఆ గొట్టం మీదుగానే గదిలోకి దిగుతుంది.

అనుమానం తీర్చుకోవాలి కదా. కిందికి పరుగెత్తి, పెట్టెలోంచి తీగ ఊడదీసి, దాని చివర ఎర్రలైటు వచ్చే పెన్ను గుచ్చి మళ్లీ పైకొచ్చాడు. మసకచీకట్లో, సరిగ్గా ముడి కింద, సన్నటి పసుపుపచ్చ తీగ మెలిపడిన చోట నిప్పుకణికలా వెలుగుతోంది. ఆ తీగలో నెట్ వచ్చేదీ వెలుగుగానే; కిందనుంచి పంపిన వెలుగంతా అక్కడే కారిపోతోంది.

"దొరికింది! అమ్మగారూ, ముడి విప్పండి."

"విప్పితే మంచు పడి కాయ తెల్లబడిద్ది. నీ నెట్టు కోసం నా కాయలు పాడుచేసుకోనా?"

"నెట్టు నాది కాదండీ, మీ కోడలిది."

"అసలా గొట్టం బిగించిందెవరు?"

ప్రేమదాసు తల గోక్కున్నాడు. "నేనేనండి. దసరాకి బిగించా. అప్పుడు డాబా ఖాళీగా ఉంది. మా అమ్మ ఆరోగ్యమ్మ బతికినన్నాళ్లూ మిరపకాయల కూలికే వెళ్లింది. చిన్నప్పుడు బరకం కొసలు పట్టుకుంది నేనే. గొట్టం కనపడితే తాడు దానికే కడతారని నాకు తట్టొద్దూ? తప్పు నాదే."

ఆ మాటకి ప్రమీలారాణి తనే ముడి విప్పింది. ఇద్దరూ కలిసి తాడును నీళ్ల ట్యాంకు కాలికి కట్టి, బరకం అంచుల మీద ఇటుకలు పెట్టారు. ప్రేమదాసు తీగను సాపు చేసి, కిందికెళ్లి పెట్టెలో గుచ్చాడు. పచ్చ లైటు వచ్చేసరికి ఏడుకి పది నిమిషాలు తక్కువ.

అన్న ప్రకారం కదలకుండా మెట్ల మీదే కూర్చున్నాడు. లోపల రాజ్యశ్రీ భిన్నాలు చెబుతోంది. పిల్లలు ఒకరి మీద ఒకరు పడి జవాబులు అరుస్తున్నారు. ఎనిమిదయ్యేదాకా ఆ అరుపులు ఒక్కసారి కూడా తెగలేదు. ప్రమీలారాణి రెండో గ్లాసు కాఫీ తెచ్చి, "నిన్ను కట్టెయ్యకుండానే పని చేసిందే" అంది.

మర్నాడు పొద్దున్నే డ్రిల్లింగ్ మిషన్‌తో వచ్చి, గొట్టానికి బారెడు దూరాన గోడకి ఒక కొక్కెం దిగగొట్టాడు, ఎవరూ అడక్కుండానే. ఏడాది తిరిగి మళ్లీ కాయల కాలం వచ్చేసరికి ప్రేమదాసు బతికి లేడు. ప్రమీలారాణి తాడు మాత్రం ఆ కొక్కేనికే కడుతోంది.