మింగుడాకు వాసన

మార్కాపురంలో పిల్లలకు వృక్షశాస్త్రం చెబుతాను. పురుగుల్ని తినే మొక్కల పాఠం వచ్చిన రోజు మాత్రం నా బుర్ర పనిచేయదు. పుస్తకంలో లేని ఒక మొక్క అడ్డం పడుతుంది.

దాని పేరు మింగుడాకు. మా నాయన చెప్పాడు. మాది యర్రగొండపాలెం దగ్గర, అడవి అంచున మేకలు కాసుకునే ఇల్లు. నాకు తొమ్మిదేళ్లప్పుడు ఒక మధ్యాహ్నం, ఈనిన మేకనూ దాని పిల్లనూ నాకు అప్పజెప్పి నాయన మిగతా మందతో గుట్ట అవతలికి పోయాడు. నేను బండ నీడన నడుం వాల్చాను. లేచేసరికి తల్లి అరుస్తోంది, పిల్ల లేదు.

నాయన వచ్చి అంతా వెతికి, పొద కింద నుంచి తెగిన తాడుతో దాని మెడగంట పట్టుకొచ్చాడు. నిద్రపోయావా అని అడగలేదు. అడుగుతాడేమోనని భయపడి నేనే ముందు, "రెప్ప కూడా వేయలేదు నాయనా" అన్నాను.

ఆయన గంటను కాసేపు చూశాడు. "అయితే మింగుడాకే తినింటది పాపా" అన్నాడు. అది తొలి వానకు బండల సందులో మొలుస్తుందట. మొదటి ఏడాది చీమలు, రెండో ఏడాది ఎలుకలు, ముదిరితే మేకపిల్లలు. బొమికలతో సహా అరిగించుకుంటుంది, గంటను మాత్రం ఉమ్మేస్తుంది.

"దాని వాసనకు కాపలా మనిషికి కునుకు పడతది. నీకు పట్టలేదు గదా?"

"లేదు" అన్నాను.

ఆ "లేదు" ఇప్పటికీ నన్ను వదల్లేదు. నాయన నన్ను కాపాడటానికి అన్నాడో, నిజం చెబుతానేమోనని చూశాడో, తనే నమ్మాడో ఎంతకీ తేల్చుకోలేకపోయాను. చదువుకున్నాక అలాంటి మొక్క ఉండదని తెలిసింది, సరే. తెలిసి ఒరిగిందేముంది? అది ఉంటే నా తప్పు లేదు, అబద్ధం మాత్రం ఉంది. లేకపోతే రెండూ నావే. నా మీద నాకే చిరాకు.

మొన్న ఊరికి పోయినప్పుడు నాయన కొట్టం ముందు కూర్చుని తాడు పేనుతున్నాడు. ఇక ఉండబట్టలేక అడిగేశాను.

"మింగుడాకు సంగతి నీకెవరు చెప్పినారు నాయనా?"

"మా నాయన. మేకపిల్ల పోయిన రోజు చెప్పినాడు."

"ఎవరు పోగొట్టినారు?"

"నేనే."

"మరి నీకు కునుకు పట్టిందా?"

"పట్టలేదనే చెప్పినా." తాడు మీది నుంచి తల ఎత్తలేదు.

"ఇంతకీ ఆ మొక్క ఉందా, లేదా?"

"ఏంది పాపా, అంత చదువు చదివి అట్లడుగుతావు? అది లేకపోతే మనిద్దరికీ కునుకు ఎట్ల పట్టిందంటావు?"