సుంకప్ప రాయించిన పేరు

గాంధీనగర్‌లో మా ఇంటి వెనక ఖాళీ స్థలంలో నిన్న గడ్డి కోశారు. ఈ ఉదయం కిటికీ తీయగానే, మంచుకు తడిసిన ఆ గడ్డి వాసన గదంతా నిండింది. చేతిలో కాఫీ చల్లారిపోయింది. నేను మాత్రం మనసులో, దేశనూరు ఊరి అవతలి గడ్డి బయలులో, మోకాళ్ల దాకా తడిసి, సుంకప్ప వెనకాల నడుస్తూ ఉండిపోయాను.

సుంకప్ప మా దగ్గర బయలును కాపలా కాసే వాచరు. అంతకుముందు చాలా ఏళ్లు గొర్రెలు కాశాడు. బట్టమేక పిట్టల మీద నిఘా పెట్టే ఉద్యోగంలో నేను కొత్తగా చేరినప్పుడు, ఆ బయలును నాకు పరిచయం చేసింది ఆయనే. బట్టమేక అంటే నిలబడితే మన నడుము ఎత్తు వచ్చే పెద్ద పిట్ట. గూడు కట్టదు. ఒక్కటంటే ఒక్క గుడ్డు నేల మీదే పెట్టి పొదుగుతుంది. పిట్టలు ఎక్కడ తిరుగుతున్నాయో రాసుకోవడం, గుడ్డు తినే కుక్కలను దూరంగా ఉంచడం మా పని.

మొదటి రోజు నేను గబగబా నడుస్తుంటే ఆపేశాడు. “సుమ్నే, కదలకుండా కూకో సరోజమ్మా. పిట్టను సూసేకి వస్తివి. అది నిన్ను సూడకుండా ఉండేది నేర్సుకో ముందు.” కూర్చున్నాం. మంచు విడుతూ, మళ్లీ కమ్ముకుంటూ ఉంది. నేల ఎక్కడ ఆగిందో, ఆకాశం ఎక్కడ మొదలైందో తెలియడం లేదు. ఆ తెల్లదనంలోంచి, భూమి లోపల ఎవరో మూలిగినట్టు ఒక శబ్దం వచ్చింది. తర్వాత మెడ ఉబ్బించుకుని మగపిట్ట కనిపించింది. నడుస్తున్నట్టు లేదు, తేలుతున్నట్టు ఉంది. నేను ఊపిరి బిగబట్టాను. పక్కకు చూస్తే, సుంకప్ప కళ్లు మూసుకుని వింటున్నాడు.

ఊరి చివర కోడి వ్యర్థాలు పారబోసేవారు. వాటికోసం చేరిన కుక్కలు గుంపులుగా బయలులోకి దిగేవి. ఊళ్లో సమావేశం పెడితే ఒక రైతు లేచి, అన్నిటికీ విషం పెట్టేస్తే పీడ పోతుందన్నాడు. సుంకప్ప గొంతు పెంచలేదు. “ఇసం కుక్కను ఒకదాన్నే సంపుతాదా అప్పా? దాన్ని తిన్న నక్క సస్తాది, గద్ద సస్తాది. అన్నీ సచ్చినాక, ఆమేలే ఈ బయల్లో ఏముంటాది కాపాడేకి?” చివరికి వ్యర్థాలు గుంతలో పూడ్చాలని, కుక్కలకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాలని, పెంపుడు కుక్కలను కట్టేయాలని ఒప్పుకున్నారు. సుంకప్ప ఇంటింటికీ తిరిగి బతిమాలాడు. ఆయన కుక్క కరియను కట్టేయమని మాత్రం ఎవరూ అడగలేదు. గొర్రెలు కాసిన రోజుల నుంచి ఆయన నీడలా తిరిగిన నల్లకుక్క అది. “మా కరియ పిట్టల జోలికి పోదు,” అనేవాడు. నేనూ నమ్మాను.

ఆ వానాకాలం మాకొక గుడ్డు దొరికింది. దూరంగా, కాలిబాట పక్కన, ఏది కదిలినా దానంతటదే ఫొటో తీసే కెమెరా పెట్టాను. తొమ్మిదో రోజు వెళితే పెంకులే మిగిలాయి. తల్లిపిట్ట కాస్త దూరంలో నిలబడి, అడుగు వేసి, ఆగి, మళ్లీ అక్కడికే వస్తోంది. కెమెరా తెరిచాను. గుడ్డు వైపు పోతూ ఒకసారి, మూతి నాక్కుంటూ తిరిగొస్తూ ఒకసారి, కరియ.

“ఫొటో సరిగా పడలేదన్నా. ఏదో ఊరకుక్క,” అన్నాను. ఆయన కెమెరా తీసుకుని చూశాడు.

“పుస్తకంలో పేరు రాయి.”

“ఎవరి పేరు?”

“సుంకప్ప కుక్క అని రాయి.”

“నీ ఉద్యోగం పోతాది.”

“పోతే పోనీ. తాడు కట్టంది నేనే గదా. నువ్వు అబద్ధం రాస్తే, రేపు ఇంకొకని ఇంటికి ఏ మొగం పెట్టుకొని పోవల్ల నేను?”

ఆయన చెప్పినట్టే రాశాను. ఆ సాయంత్రం ఆయనే ఊరందరి ముందు చెప్పాడు. విషం మాటెత్తిన రైతు తల దించుకుని విన్నాడు. మర్నాడు ఆ రైతే తన రెండు కుక్కలనూ తాడు కట్టి ఆపరేషన్‌కి తీసుకొచ్చాడు.

సుంకప్ప ఉద్యోగం పోలేదు. కరియను మాత్రం సండూరులో కూతురి ఇంటికి, గోడలున్న పెరటికి పంపేశాడు. బస్సులో ఎక్కనివ్వకపోతే ఖనిజం లారీ డ్రైవరును బతిమాలి, దాని తల ఒళ్లో పెట్టుకుని వెళ్లాడు. ఒక్కడే తిరిగొచ్చాడు. ఆ తర్వాత బయలులో నడుస్తున్నప్పుడు, ఆయన కుడిచెయ్యి అప్పుడప్పుడూ కిందికి జారి, గాలిలో దేన్నో నిమిరి, ఆగిపోయేది. నేను చూడనట్టు నడిచేదాన్ని.

మరుసటి వానలకు, గడ్డి మధ్య తల్లి వెనక ఒక పిల్ల కనిపించింది. మట్టికే కాళ్లు వచ్చినట్టు ఉంది. సుంకప్ప నా భుజం తట్టి, పక్కకు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు.

ఆయన పోయి రెండేళ్లయింది. పోయిన నెల నేను పిట్టల లెక్కలో పొరపాటు చేశాను. ఒకే పిట్టను రెండు చోట్ల చూసి, రెండుగా రాశాను. నివేదిక అప్పటికే పైకి వెళ్లిపోయింది. సంఖ్య పెరిగిందని అందరూ సంతోషంగా ఉన్నారు. నేను చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు. రెండు రోజులు నాకు అన్నం సహించలేదు. మూడో రోజు, తప్పు నాదేనని ఉత్తరం రాసి సంతకం పెట్టి, పై అధికారి బల్ల మీద పెట్టాను. బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాను. భయంగా ఉంది. కానీ ఆ రోజు కడుపు నిండా తిన్నాను.