అన్నం గిన్నె మీద టోపీ

మందుల వల్ల అక్కకి జుట్టంతా రాలిపోయాక నేను మూడు టోపీలు కొనిచ్చాను. మూడింట్లో ఒక్కటీ పావుగంట మించి ఆమె తల మీద నిలవలేదు. కాసేపటికే చెయ్యి పైకి లేచేది, గోక్కునేది, టోపీ తీసి నా ఒళ్లోకి విసిరేది. "గుచ్చుకోని టోపీ ఈ దేశంలోనే లేదట్రా?" అంది ఒకసారి, నవ్వుతూనే. సోమవారం మళ్లీ ఆసుపత్రిలో మందు ఎక్కించాలి. బయట డిసెంబరు చలి, ఆ గదిలో ఏసీ చలి. నేను కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే ఎక్కడికో తెలిసేది కాదు.

అలా కుదురు లేక కదురు కొన్నాను. దాంతోపాటు మెరీనో గొర్రెల ఉన్ని పావుకిలో. పసిపిల్లల ఒంటికి కూడా గుచ్చుకోనంత సన్నటి పోగని అమ్మినవాళ్లు రాశారు. రంగుల మీద నమ్మకం లేక, అద్దకం వెయ్యని మీగడరంగుదే తెప్పించాను. నేను వడికితే మా ఆవిడ అల్లాలని ఒప్పందం. తీరా వడకబోతే తొందరకి పోగు లాగేసేవాణ్ణి. దారం రెండు మూరలు వచ్చి తెగేది, మళ్లీ రెండు మూరలకి తెగేది. నాలుగు రోజులు వడికిన దారం నా బొటనవేలికి టోపీ అల్లడానికైనా చాలేలా లేదు.

శనివారం పొద్దున ఇంకో దిగులు పట్టుకుంది. మాది కాకినాడ వైపు. కొత్త బట్టేదైనా తడిపి ఆరెయ్యందే ఒంటిమీద పడకూడదని అమ్మ పెట్టిన చట్టం. ఎవరెవరి చేతుల్లోనో పడి వచ్చిన ఉన్నిని జబ్బుమనిషి తలకి అలాగే ఎలా పెడతాం? సగం తీసి బకెట్లో వేసి, వేడినీళ్లు పోసి, కుంకుడు రసంతో తలంటినట్టు గట్టిగా రుద్దాను. ఎత్తి చూస్తే పోగుకి పోగు విడిపడలేదు. మొత్తం ఒకటే ముద్ద, దిబ్బరొట్టెలా. మేడ్చల్ రోడ్డు మీది మందుల కంపెనీలో నాది నాణ్యత తనిఖీ ఉద్యోగం. ఇతరుల తప్పులు పట్టి జీతం తీసుకుంటాను.

శామీర్‌పేట దగ్గరి మా కాలనీలో పక్క ప్లాటు ఇంకా ఖాళీయే. రోజూ అక్కడ గొర్రెలు మేపుకునే కురుమ అవ్వ గోడ మీదుగా తొంగిచూసింది.

"ఏంది సారూ, పిల్లికి తానం పోసినవా?"

జరిగింది చెప్పాను. ఆమె ముద్దని అందుకుని చెంపకి ఆనించుకుంది. వయసులో ఉండగా గొంగళ్లకి ఉన్ని వడికిన చేతులట. వేడినీళ్లలో రుద్దితే పోగులు ఒకదాన్నొకటి పట్టుకుంటాయని, ఇక విడవవని చెప్పింది. ఎవరి కోసమని అడిగింది. అక్క సంగతి, గుచ్చుకునే టోపీల సంగతి చెప్పాక ముద్దని నా చేతికి తిరిగిచ్చింది.

"ఇగ విప్పకు. తడి ఉండంగనే గిన్నె మీద తొడిగి రుద్దు. గిట్లైతే లోపట కుట్లే ఉండయి గద, ఏం గుచ్చుకుంటది?"

కొలత కోసం తొడిగి చూస్తే అక్క విసిరేసిన టోపీ మా పెరుగు గిన్నెకి సరిగ్గా పట్టింది. ఆరితే బిగుస్తుందని అవ్వ అనడంతో దానికంటే పెద్దది, అన్నం గిన్నె బోర్లించాను. ముద్దని నాలుగువైపులా సాగదీసి తొడిగాను. పలచబడ్డ చోట మిగిలిన పొడి ఉన్ని పరిచి మళ్లీ నీళ్లు, మళ్లీ రుద్దడం. మెల్లగా చెయ్యమని అవ్వ చెబుతూనే ఉంది, నేను తొందరపడుతూనే ఉన్నాను. ఈ పూట అన్నం మీ బుర్రలో వండనా, అదీ ఖాళీగానే ఉందిగా అంది మా ఆవిడ. ఉన్నమాటే.

ఆదివారం మధ్యాహ్నానికి కూడా లోపల తడి వదల్లేదు. ఆగలేకపోయాను. టోపీని స్కూటరు అద్దానికి తొడిగి బయల్దేరాను. గండిమైసమ్మ దగ్గర బండ్లు ఆగినప్పుడల్లా దాన్ని తడిమి చూశాను. గాజులరామారంలో అక్క ఇంటికి చేరేసరికి ఎండకీ గాలికీ ఆరింది.

అక్క దాన్ని తిప్పి తిప్పి చూసింది. ఒకవైపు అంచు కిందికి జారింది, నడినెత్తిన గిన్నె అడుగు గుండ్రంగా అచ్చుపడింది. "ఇది టోపీయా, మూతా?" అంటూనే పెట్టుకుంది. నేను ఆమె చేతినే చూస్తూ కూర్చున్నాను. లేచి టీ పెట్టింది, కప్పులు తెచ్చింది, రేపు ఎన్నింటికి వస్తావని అడిగింది. ఏడింటికన్నాను, వెంటనే ఆరున్నరకన్నాను. నా టీ చల్లారిపోయింది.

చెయ్యి లేచింది. నేనూ సగం లేచాను. జారిన అంచుని చెవి మీదికి లాక్కుని, ఆ చెయ్యి మళ్లీ కప్పు మీదికే పోయింది.

"రెండో చెవికి చాల్లేదురా," అంది.