ముసలి చుక్కల మసి

మా బాపుకు తుమ్మకట్టె కాల్చి బొగ్గు చేయడమొక్కటే తెలుసు. ఇక పొగ దగ్గరికి పోతే ప్రాణానికే ముప్పని కల్వకుర్తి దవాఖానలో చెప్పారు. మరునాడే బొగ్గు బట్టీకి అగ్గి పెట్టి పక్కన కూర్చున్నాడు.

డిగ్రీ చదివే నా బిడ్డ ఆయనకు పాఠం చెప్పింది. "తాతా, ఆకాశంల ముసలి చుక్కలు ఉబ్బి, కర్బనం నిండిన పైపొరలు వదిలేస్తయి. గవి సల్లారి మసి ధూళయితయి. గా ధూళి నుంచే కొత్త లోకాలు పుడ్తయి."

"మీ తాత గూడ రోజు మసే ఉమ్ముతుండు. మనకు గుంట జాగ గూడ పుట్టలే," అన్నాను.

బాపు నవ్వబోయి దగ్గాడు. తువ్వాల నల్లబడింది. "గా చుక్కలకు పొగ బందు జేయమని ఎవలన్న జెప్తరా బిడ్డా?"

అంతలో బట్టీ మీది మట్టి పగిలింది. గాలి సోకితే బొగ్గంతా బూడిదే. అగ్గి పెట్టినవాడే పగులు మూయాలన్నది మావాళ్ల పద్ధతి. బాపు లేచాడు. తడిమట్టి తట్ట ఎత్తి ఆయన నెత్తిన పెట్టాను.