ఐదు పేపర్లలో ఒకటే వార్త

ఉప్పల్ చౌరస్తాలో మేం ఐదుగురు విలేకరులం ఉండేవాళ్లం. పేపర్లు ఐదు, గుర్తింపు కార్డులు ఐదు, వార్త మాత్రం ఒకటే. రోజుకొకరి వంతు. వంతు వచ్చినవాడు వార్తలు పోగుచేసి వాట్సాప్ గ్రూపులో పెడితే, మిగతా నలుగురూ మొదటి వాక్యం మార్చి తమ ఆఫీసులకు పంపేవాళ్లు. అందరికీ తెలిసి చేస్తున్న పని కాబట్టి ఇందులో మోసం లేదనుకునేవాళ్లం. ఆ అందరిలో పేపరు చదివేవాడు లేడన్న సంగతి మాకు తట్టలేదు.

ఆ రోజు వంతు నాది. నాచారంలో ఒక మందుల కంపెనీ కార్మికుడు ఇనుప మెట్ల మీద నుంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడని తెలిసింది. చౌరస్తా నుంచి బండి మీద పావుగంట. నేను వెళ్లలేదు. ఎండగా ఉంది. ఇప్పుడు ఎంత వెతికినా అంతకంటే పెద్ద కారణం దొరకడం లేదు. అక్కడి సూపర్‌వైజర్‌కు ఫోన్ చేస్తే, "తాగొచ్చిండు సార్, జారి పడ్డడు" అన్నాడు. మెట్ల సంగతేమిటని అడగలేదు. 'మద్యం మత్తులో జారిపడ్డ కార్మికుడు' అని శీర్షిక పెట్టి, పేరూ కాలనీ కూడా రాసి గ్రూపులో పడేశాను. మర్నాడు ఐదు పేపర్లలోనూ వచ్చింది.

వారం తర్వాత మేం కూర్చునే టీ హోటల్‌కు అతని భార్య వచ్చింది. ఏదో స్కూల్లో ఆయాగా పనిచేస్తోందట. చేతిలో ఐదు పేపర్ల కత్తిరింపులున్నాయి. భర్త నాచారంలో తమ చర్చిలో ఏళ్ల తరబడి పాటలు పాడిస్తున్నాడని, మందు ముట్టడని, ఇప్పుడు పెద్దలు అతన్ని పాటలకు ముందుకు రావద్దన్నారని చెప్పింది. నడవలేకపోవడం కంటే అతనికి అదే ఎక్కువ బాధగా ఉందట.

"ఒక్క పేపర్ల వస్తే ఎవలు నమ్మకపోదురన్నా. ఐదింట్ల ఒక్కతీరుగ వచ్చింది. నిప్పు లేనిదే పొగ రాదంటున్రు సంఘంల."

నాకు సిగ్గేసింది. ఆ ఐదూ నేను రాసినవేనని, రాసేముందు నాచారం వెళ్లలేదని చెప్పాను. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు.

"అయితే ఆదివారం చర్చికొచ్చి గదే చెప్పు" అంది.

ఈసారి నాచారం వెళ్లాను. తోటి కార్మికులు ఉద్యోగం పోతుందని నోరు విప్పలేదు. సూపర్‌వైజర్, "నేను సూడలేదు సార్, ఎవరో అంటే విన్న" అన్నాడు. దవాఖానా కాగితాల్లో మద్యం మాట లేదు, పరీక్ష చేసినట్టూ లేదు. మా పేపరు లోపలి పేజీలో రెండు లైన్ల సవరణ వేసింది. మిగతా నలుగురినీ బతిమాలాను. "నువ్వు తప్పన్నవని మేం గూడ తప్పనాల్నా? ఆఫీసుల ఏమని చెప్పాలె?" అన్నారు. వార్త రాసిన రోజు నా మాట మీద వాళ్లకు అంత నమ్మకం ఎలా కుదిరిందో అడగాలనిపించింది. ఆ పద్ధతిలో నేనూ ఉన్నవాణ్నే కాబట్టి ఊరుకున్నాను.

ఆదివారం ఆరాధన అయ్యాక నన్ను ముందుకు పిలిచారు. అతను వెనక వరుసలో కట్టు కట్టిన కాలు చాపుకుని తల వంచుకుని కూర్చున్నాడు. జరిగిందంతా చెప్పాను. ఐదు పేపర్లకూ కలిపి ఒక ఫోన్ కాల్ తప్ప ఆధారం లేదన్నాను. సంఘ పెద్ద ఒకాయన, రిటైరైన టీచరు, నెమ్మదిగా అడిగాడు.

"మంచిది. అయితే ఆయన ఆ రోజు తాగలేదని నీకు ఖాయంగ తెలుసా?"

తెలుసు అంటే చాలు. అక్కడున్నవాళ్లు చాలామంది ఆ మాట కోసమే చూస్తున్నారు. అతను కూడా తలెత్తాడు. ఆ ఒక్క మాటతో అతని పాట అతనికి దక్కేది. కానీ చూడని సంగతి చూసినట్టు చెప్పడం వల్లే కదా అక్కడ నిలబడాల్సి వచ్చింది.

"తెలియదండీ. తాగాడని రాయడానికి నా దగ్గర ఏ ఆధారమూ లేదు. నాకు తెలిసింది అంతే" అన్నాను.

పెద్దలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వచ్చే నెల కూర్చుని ఆలోచిస్తామన్నారు. అతను మళ్లీ తల దించుకున్నాడు.

నిజం చెప్పానన్న తృప్తి గేటు దాకా ఉంది. భర్తను ఆటోలో కూర్చోబెట్టి ఆమె నా దగ్గరికి వచ్చింది. కళ్లలో నీళ్లు లేవు, గొంతు కూడా పెంచలేదు.

"తాగిండని రాసేటప్పుడు నీకు ఖాయంగ తెల్వాలె అనిపియ్యలే. తాగలేదని చెప్పనీకే తెల్వాల్నా అన్నా?"