రాష్ట్రం రాకముందే ఇచ్చిన తలనీలాలు

జనగామ బస్టాండు పక్కన నాది మిర్చి బజ్జీల బండి. దానికి ఆనుకునే గాజులామె దుకాణం. రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఆ వరసంతా పోయింది. ఆమె ఇప్పుడు మహబూబాబాద్‌లో కూతురి దగ్గర ఉంటోంది. బస్టాండు వైపు పోయినప్పుడల్లా నా బండి ఉన్న చోట కాసేపు నిలబడతాను.

పదకొండేళ్లు పక్కపక్కన బతికాం. కొట్లాడని రోజు లేదు. నా మూకుడు పొగ ఆమె గాజుల మీద పడుతుందని ఆమె, ఆమె అట్టపెట్టెలు నా గిరాకీకి అడ్డమని నేను. "అక్కా, నీ నూనె వాసనకు నా గాజులు తొడుక్కున్నోళ్ల చేతులు కుక్కలు నాకుతున్నయి" అనేది. "మంచిదే చెల్లె, గట్లనన్న నీ గాజులకు పేరొస్తది" అనేదాన్ని. బజ్జీలు తినడం అయిపోయినా జనం మా మాటల కోసం ఇంకాసేపు నిలబడేవారు.

తెలంగాణ ఉద్యమం ఊపందుకున్న రోజుల్లో నా రొమ్ములో గడ్డ బయటపడింది. హైదరాబాదు దవాఖానలో పరీక్షలు చేసి క్యాన్సర్ అన్నారు. ఆపరేషను చేసి, తర్వాత ఆరు డోసులు మందు ఎక్కించాలన్నారు. భయం వేయలేదంటే అబద్ధం. ఇంటికి వచ్చి, నల్లా తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చాను.

తర్వాత చుట్టాలు రావడం మొదలైంది. నెల్లికుదురు నుంచి మా చిన్నమ్మ, కొడకండ్ల నుంచి ఆడబిడ్డ, భూపాలపల్లి దగ్గర ఘనపూర్ నుంచి మా అన్న. అందరి చేతుల్లోనూ బ్రెడ్డు ప్యాకెట్లే. మా వైపు మనిషి మంచాన పడితే బ్రెడ్డు తెస్తారు. ఒక ప్యాకెట్టు వస్తే మామూలు జ్వరం, రెండు వస్తే టైఫాయిడ్. మా గూట్లో పదిహేడు ప్యాకెట్లు పేరుకున్నాక నా జబ్బు ఎంత పెద్దదో డాక్టరు చెప్పనక్కర లేకపోయింది. "గిన్ని ఏం జేసుకోవాలె, బ్రెడ్డు బజ్జీలేస్త తియ్" అన్నాను. ఒక్కరూ నవ్వలేదు. మా చిన్నమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బయటికి పోయింది.

వాళ్లను వదిలేయండి, గాజులామె మారిపోవడం నన్ను అన్నిటికంటే ఎక్కువ భయపెట్టింది. నేను బండి దగ్గరికి పోగానే అట్టపెట్టెలు తానే లోపల పెట్టుకుంది. కావాలని పొగ అటు పోయేలా పొయ్యి తిప్పి పెట్టాను. "ఉండనీయక్కా, ఏం గాదు" అంది. పదకొండేళ్లలో ఆమె నోట ఆ మాట వినలేదు. ఏమన్నా "సరే అక్కా", ఎంతన్నా "సరే అక్కా". ఆ మెత్తదనం చూస్తే నేను అప్పుడే పోయినట్టు, ఆమె నా ఫొటోతో మాట్లాడుతున్నట్టు ఉండేది. ఒళ్లు మండింది. బతికితే ఈమెతో కొట్లాడుతూ బతకాలి, లేకపోతే ఈ సూదులన్నీ ఎందుకు పొడిపించుకోవాలి అనుకున్నాను.

ఆపరేషను అయ్యాక డోసు తేదీ డాక్టరు ఇచ్చేవాడు, బంద్ తేదీ ఉద్యమం ఇచ్చేది. రెండూ చాలాసార్లు ఒకేరోజు పడేవి. ఒకసారి బస్సులు, రైళ్లు అన్నీ ఆగిపోతే మా ఆయన స్కూటరు మీద తీసుకుపోయాడు. దారిలో రోడ్డు మీద బైఠాయించినవాళ్లు ఆపి, సంగతి తెలుసుకుని పక్కకు జరిగేవారు. పోయేముందు మాత్రం "జర జై తెలంగాణ అనుండ్రి అక్కా" అనేవారు. తిరుగు దారిలో ఒకచోట వాంతి చేసుకుని మరీ జై తెలంగాణ అన్నాను. రెండో డోసుకు జుట్టు కుచ్చులు కుచ్చులుగా రాలింది. మిగిలింది మంగలిని పిలిచి తీయించేశాను.

కొన్నాళ్లకు చౌరస్తాలో వంటావార్పు పెట్టారు. నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి, బండ్లు ఆపేసి, అక్కడే వండుకుని అక్కడే తినడం. పొయ్యి దగ్గర పని ఉంటే నేను ఇంట్లో ఎలా కూర్చుంటాను? వద్దన్నా వినకుండా పోయాను. పడిపోతే పట్టుకోవాలన్నట్టు గాజులామె నా వెనకే వచ్చింది. మంట వేడికి తట్టుకోలేక తల మీది కొంగు తీశాను.

అక్కడ కూరగాయలు తరుగుతున్న ఒక ముసలవ్వ నన్ను తేరిపార చూసింది. ఆడమనిషి గుండు కనబడితే మా వైపు ముందు తోచేది మొక్కే. "ఏ దేవునికిచ్చినవ్ బిడ్డా?" అంది. జబ్బు పేరు చెబితే మళ్లీ బ్రెడ్డు మొహాలు చూడాలి. "తెలంగాణ రావాలని గుట్ట నర్సింహస్వామికి మొక్కిన అవ్వా" అనేశాను.

ఆ మాట నిమిషంలో చౌరస్తా అంతా పాకింది. ఎవరో బంతిపూల దండ తెచ్చి మెడలో వేశారు. ఇంకెవరో మైకు తెచ్చి నోటి ముందు పెట్టారు. అవ్వ మాత్రం వదల్లేదు. "అగో, కోరిక తీరినంక గద వెంటికలిచ్చుడు? రాష్ట్రం రాకముందే ఎట్లిచ్చినవ్?" అంది. అదీ మైకులో అందరికీ వినబడింది. "స్వామి మస్తు లేటు జేస్తుండవ్వా. గందుకే ముందుగాల బయానా ఇచ్చిన. రాష్ట్రం వచ్చినంక మళ్ల పెంచి నిండుగ ఇస్త" అన్నాను.

చప్పట్లు మోగాయి. వాటిని మించి ఒక నవ్వు వినబడింది. గాజులామె పప్పు గుండిగ పక్కన కూలబడి పొట్ట పట్టుకుని నవ్వుతోంది. దగ్గరికి పోగానే వీపు మీద ఒక్కటి వేసింది. "థూ, అబద్ధాలదానా! దేవుని పేరు జెప్పి గింతమందిని మోసం జేస్తవా? రాష్ట్రం వచ్చేదాక ఇగ నువ్వు సావనీకె లేదు. జుట్టు పెంచాలె, గుట్టకు పోయి ఇయ్యాలె. ఇయ్యకపోతే నేనే అందరికి చెప్త" అంది. ఆ తిట్లతో నాకు ప్రాణం లేచొచ్చింది. మర్నాడు ఆమె అట్టపెట్టెలు మళ్లీ నా బండికి అడ్డంగా ఉన్నాయి.

మిగతా డోసులన్నీ ఆమె తిట్లతోనే గడిచాయి. వాంతులతో నేను పడుకుని ఉంటే "నీ బజ్జీలు తిన్నోళ్ల బాధ గిప్పుడు తెలుస్తుందా?" అనేది. నవ్వు నాలుగు విధాల చేటంటారు గానీ, నన్ను నాలుగు గోడల మధ్య నుంచి లేపి కూర్చోబెట్టింది ఆ నవ్వే.

రాష్ట్రం వచ్చింది. ఊరంతా రంగులు చల్లుకుంది. అప్పటికి నా జుట్టు భుజాలు దాటింది. ఆమే నన్ను యాదగిరిగుట్ట బస్సు ఎక్కించింది. "ఈపారన్న నిజం గుండుతోటి రా" అని కిటికీ దగ్గర నిలబడి నవ్వింది.

సాయంత్రం ప్రసాదం పొట్లంతో బస్సు దిగాను. ఆమె ఏమంటుందో, దానికి నేనేమనాలో దారిపొడవునా తయారు చేసుకునే వచ్చాను. ఆమె దుకాణం మెట్టు మీద కూర్చుని గాజులు తుడుస్తోంది. తలెత్తి నా గుండు చూసింది. గాజులు అక్కడే వదిలేసి వచ్చి, రెండు చేతులతో నా తల పట్టుకుని భోరున ఏడ్చింది. ఆ ఆరు డోసులప్పుడు ఒక్కనాడూ ఆమె కంట నీటిచుక్క నేను చూడలేదు.

"నేనే పంపిన గాని అక్కా... గిట్ల జూడంగనే గా రోజులు మళ్ల వచ్చినయనిపించింది. ఇంకోపారి నాకు గిట్ల కనవడకు."

నన్ను అన్నాళ్లు తిట్టడానికి ఆమె లోపల ఎంత బిగబట్టుకుందో నాకు ఆ బస్టాండులో తెలిసింది. ప్రసాదం పొట్లం చంకన ఇరికించుకుని, అందరూ చూస్తుండగా ఆమెను పట్టుకుని నేనూ ఏడ్చాను.